గట్టు మీది ఆటగాడు

సాయంత్రాలు కాలేజీ ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే, గోలు వెనక కాలవగట్టు మీద దేవసహాయం గారు కూర్చుంటారు. కూర్చుంటారన్న మాటే గానీ, బంతి ఇటు దొర్లితే చాలు, లుంగీ ఎగ్గట్టేస్తారు. ఎనభైల్లో ఆయనదీ ఈ కాలేజీ జట్టే. ఈత బాగా వచ్చని తీసుకున్నారు. ఆ సీజనంతా కాలవలో పడ్డ ప్రతి బంతినీ ఆయనే తెచ్చారు గానీ, మ్యాచిలో కాలితో తన్నే అవకాశం ఒక్కసారీ రాలేదు. జట్టు ఫొటోలో కూడా ఆయనొక్కరి చొక్కాయే తడిగా ఉంటుంది.

నిన్న బంతి కాలవలో పడగానే "నేనున్నానమ్మా!" అంటూ తలకిందులుగా దూకేశారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవకి నీళ్లు కట్టేసి వారమైంది. బురదలో బోర్లా పడ్డారు.

"కాలవ కట్టేశారు కదండీ తాతగారూ! కర్రతో లాక్కునేవాళ్లం," అంది కెప్టెన్ సారిక, చెయ్యందించి పైకి లాగుతూ.

గట్టెక్కాక ఆయన బంతి ఇవ్వలేదు. "ఒక్కసారి తన్నిచూస్తానమ్మా," అన్నారు, మొహమైనా తుడుచుకోకుండా. పిల్లలు గోలు ఖాళీ చేసి పక్కకి తప్పుకున్నారు. దేవసహాయం గారు మైదానంలోకి నడిచి, బంతి పెట్టి, నలభై ఏళ్లుగా దాచుకున్న బలమంతా పెట్టి తన్నారు. అది గోలు మీదుగా, గట్టు మీదుగా ఎగిరి మళ్లీ కాలవలోనే పడింది.

పిల్లలింకా నవ్వనేలేదు, ఆయన లుంగీ ఎగ్గట్టేశారు.

"ఉండండమ్మా, అది నా డ్యూటీ."