పూత పట్టని తీగ

యాకోబు నవ్వితే ముందు కనబడేది అతని కోరపన్ను. దాని మీద బంగారు తొడుగు. అసలు బంగారం కాదు, గిల్టు. ఆ సంగతి అమలాపురంలో అందరికీ తెలుసు, ఎందుకంటే గిల్టు వేసేవాడు అతనే.

అసలు అతన్ని ఈ పనిలోకి లాక్కొచ్చింది ఆ పన్నే. కుర్రతనంలో అంబాజీపేటలో తండ్రితో కలిసి కొబ్బరికాయలు వలిచేవాడు. ఓరోజు గునపం మీంచి కాయ జారి మూతికి తగిలింది, పన్ను సగానికి విరిగింది. రాజమండ్రిలో పళ్ళు కట్టే మనిషి దాని మీద స్టీలు తొడుగు వేశాడు, కావాలంటే తీసి పెట్టుకునేది. ఆ పక్క కొట్టే గిల్టు కొట్టు. మురికి పట్టిన ఇత్తడి గాజుని కొట్టు యజమాని నీళ్ళలాంటి ద్రావకంలో వేలాడదీసి బ్యాటరీ తీగ తగిలించాడు. బ్రష్షు లేదు, చెయ్యి పెట్టి పూసినవాడు లేడు. చూస్తుండగానే గాజు బంగారంలా పచ్చబడింది. యాకోబు దవడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అంబాజీపేట బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సూ వెళ్ళిపోయింది. ఆ కొట్లోనే పనికి కుదిరిపోయాడు.

తర్వాత అమలాపురంలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. గాజులకి గిల్టు, సైకిలు హ్యాండిళ్ళకి నికెలు, చర్చిలో ప్రభురాత్రి భోజనపు గిన్నెకి వెండి పూత. ఏళ్ళు గడిచినా తొట్టి ముందు నిలబడితే మొదటిరోజులానే నోరు తెరుచుకునేవాడు. క్రిస్మస్ వస్తోందంటే తన పంటి తొడుగుకీ కొత్త గిల్టు వేసుకునేవాడు. వేసవికల్లా అది రాలిపోయేది. "పులుసు తినే నోరు, ఎలా నిలుస్తుందిలే" అనుకునేవాడు.

ఎనభై నాలుగో సంవత్సరం క్రిస్మస్ ముందు చెల్లెలు కృపావతి కూతురు సలోమి కొట్టుకొచ్చింది. ఇంటరు చదువుతోంది. ఎత్తుపళ్ళు సరిచెయ్యడానికి కాకినాడ నుంచి శనివారాలు వచ్చే పళ్ళ డాక్టరు ఆనందరావు క్లిప్పు వేశాడు. అంగిట్లో అతుక్కునే గులాబీ రంగు ప్లాస్టిక్ పలక, ముందుపళ్ళ మీదుగా అడ్డంగా స్టీలు తీగ. కాలేజీలో పిల్లలు ముళ్ళకంచె అని పేరు పెట్టారు. దాంతో సలోమి క్లిప్పు తీసి రుమాల్లో కట్టేసింది. ఇలాగే మానేస్తే పళ్ళు మళ్ళీ ఎప్పటిలా ముందుకొచ్చేస్తాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. కృపావతి ఏడ్చి చూసింది, తిట్టి చూసింది.

"మావయ్యా, దీనికి బంగారం వెయ్యి. నీ పన్నులాగా. అప్పుడు పెట్టుకుంటాను. లేకపోతే కాలవలో పారేస్తాను."

"నువ్వు దాన్ని పారేస్తే మీ అమ్మ నన్ను పారేస్తుందే."

"నవ్వకు. నీ పన్నుని ఎవరైనా ముళ్ళకంచె అన్నారా? క్రిస్మస్‌కి నేనొక్కదాన్నే నిలబడి పాడాలి తెలుసా?"

"వేస్తాన్లే. నాకదో పనా?"

గిల్టు ద్రావకం విషం. ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుంటుందేమో అని భయపడి క్లిప్పుని ముంచలేదు. డాక్టరు దగ్గర అదే రకం తీగ ముక్క అడిగి తెచ్చి ముందు దానికి వేశాడు. పెళ్ళికూతురి ముక్కుపుడకలా మెరిసింది. నోట్లో నిలుస్తుందో లేదో చూడాలి కదా, భార్య మరియమ్మ వండిన చేపల పులుసు ఓ గిన్నెలో పోసి అందులో నానేశాడు.

"చేపముక్కలు చాల్లేదా? ఇనపముక్కలు కూడా వేసేరు?" అంది మరియమ్మ.

మర్నాడు తీసి పట్టకారుతో వంచితే బంగారం ఉల్లిపొరలా లేచొచ్చింది. గరుకు కాయితంతో రుద్ది మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచింది. ఇత్తడి లొంగింది, రాగి లొంగింది, వెంట్రుకంత తీగ లొంగనంటోంది. యాకోబుకి అన్నం సహించలేదు. శనివారం ఆ తీగ పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళాడు.

"పట్టదండీ," అన్నాడు ఆనందరావు. "అది ఆల్రెడీ ఒక పూత వేసుకునే ఉంది."

"ఎవరేసేరండీ?"

"ఎవరూ వెయ్యలేదు. స్టీల్లో క్రోమియం అని ఉంటుంది. గాలి తగిలితే చాలు, పైన దానంతటదే పొర కట్టేసుకుంటుంది. తుప్పు పట్టకుండా ఆపేది ఆ పొరే."

"గరుకు కాయితం పెట్టి గీరేసేనండి."

"మీరు కాయితం పక్కన పెట్టేలోపు మళ్ళీ కట్టేసుంటుంది."

యాకోబు తీగని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "ఎంత మందం ఉంటుందండీ?"

"తల వెంట్రుకని వేల చీలికలు చేస్తే అందులో ఒకటి."

"అంటే స్టీలుని ఇంతవరకూ ఎవరూ చూడలేదన్నమాట. దాని చొక్కానే చూసేం."

ఆనందరావు నవ్వాడు. "ఆయ్, అలాగే అనుకోండి."

"ఆ చొక్కా విప్పే దారి లేదాండి?"

"పుస్తకాల్లో ఉంది. ఘాటు యాసిడ్లో ముందు నికెలు పూత వెయ్యాలి, దాని మీద బంగారం. అప్పుడు నిలుస్తుందంటారు. నేను చెయ్యలేదు. పులుసులూ పచ్చళ్ళూ తినే నోట్లో ఆ నికెలు ఏం చేస్తుందో నాకూ తెలీదు."

యాకోబు తన వేళ్ళు చూసుకున్నాడు. నికెలు తొట్టి వల్ల వేళ్ళ సందుల్లో ఎప్పుడూ దురద, నీటి పొక్కులు. ఇది పిల్ల చిగుళ్ళ మీద పెట్టడమా?

కొట్టుకొచ్చి పంటి తొడుగు ఊడదీశాడు. ఏటేటా గిల్టు ఎందుకు రాలిపోతోందో ఇప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ పులుసుని ఆడిపోసుకున్నాడు. మిగిలిన గిల్టు గీరేసి, బోసి స్టీలుని గరుకు కాయితంతో ఒక్క రుద్దు రుద్ది కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకుండానే అక్కడ పని అయిపోయింది. బ్యాటరీ లేదు, తొట్టి లేదు, యాకోబు లేడు. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ చూశాడు. గాజుకి గిల్టు వేయించుకోడానికొచ్చిన బుల్లెమ్మ పిలిచి పిలిచి వెళ్ళిపోయింది.

సలోమి వస్తే అంతా చెప్పాడు, చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి. ఆ పిల్ల ఓపిగ్గా విని, "కనబడని చొక్కా నాకెందుకు మావయ్యా? వాళ్ళకి కనబడేది తీగే గదా," అంది. రుమాలు మూట తీసుకుని వెళ్ళిపోయింది.

పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు అనుకున్నాడు యాకోబు.

క్రిస్మస్ పొద్దున్న చర్చి గుమ్మంలో సంఘపెద్ద సాలమోను యాకోబుని ఆపాడు. "ఏవోయ్, పన్నేంటి తెల్లబోయింది? బంగారం తాకట్టెట్టేవా?"

వెనక నలుగురు నవ్వారు. యాకోబు నోరు ఇంకా పెద్దగా తెరిచాడు. "అసలు సరుకు ఇదేనండి సాలమోను గారూ. ఇన్నాళ్ళూ గిల్టు కింద దాచేను. సరిగ్గా చూడండి, వేలెట్టి చూసినా పర్లేదు."

"ఛీ, పండగపూట!" అంటూ సాలమోను వెనక్కి తగ్గాడు. నవ్వులు లోపలిదాకా వినబడ్డాయి.

పాటలవాళ్ళ వరసలో నిలబడ్డ సలోమి చూసింది. మావయ్య లోపలికొచ్చి, దారిలో ఎదురైనవాళ్ళకల్లా ఆ స్టీలు పన్ను చూపిస్తూ వెళ్ళి కూర్చున్నాడు. సలోమికి నవ్వాగలేదు. గోడవైపు తిరిగింది. భుజాలు కదిలాయి. రుమాలు తెరిచింది, నోటి దగ్గరికి చెయ్యి వెళ్ళింది. ఇటు తిరిగేసరికి పళ్ళ మీద తీగ ఉంది.

పాట మొదలైంది. క్లిప్పు అడ్డం వచ్చి 'స' దగ్గరల్లా చిన్న ఈల వినబడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సలోమి ఆగలేదు. గొంతు ఇంకాస్త పెంచింది. పక్క కిటికీ ఎండ తీగ మీద పడి మెరిసింది. యాకోబు ముందుకు వంగి ఆ మెరుపునే చూస్తున్నాడు. దాని మీద, ఆ పిల్ల ఊపిరికీ ఊపిరికీ మధ్య, ఎవరూ వెయ్యకుండానే ఆ కనబడని చొక్కా...

"నోరు మూసుకోండి," అంది పక్క నుంచి మరియమ్మ. "ఈగలు దూరతాయి."