ముందే తీసుకున్న టీసీ

నా భార్య నాలుగు రోజుల జ్వరంతో పోయింది. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మంచాల ఊరి దగ్గరి బడిలో ఏడో తరగతికి పాఠం చెబుతున్నాను. ఆ తర్వాత ఏ ఫోన్ మోగినా పాఠం ఆపేసేవాణ్ణి.

మా అమ్మాయి అప్పటికి వరంగల్ దాటాక ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం. హాస్టల్. దినాలయ్యాక తిరిగి వెళ్ళింది. రోజూ పొద్దున ఫోన్ చేసి తిన్నావా అని అడిగేవాణ్ణి. తిన్న అనేది. ఒకరోజు మధ్యాహ్నం దాకా ఎత్తలేదు. ల్యాబ్ పరీక్షట, ఫోన్ బ్యాగులో ఉందట. ఆ పూట నేను బడిలో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. తనను శేరిగూడ కాలేజీకి మార్పించాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి నుంచి రోజూ వెళ్ళి రావచ్చు.

పరీక్షలైపోయి తను ఇంటికి వచ్చాక, కాలేజీ మారుద్దాం, సర్టిఫికెట్లు తెస్తానని చెప్పాను. సరే అంది. ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరేమన్నా ఎదుటివాళ్ళు సరే అనేవాళ్ళు.

ఇరవై ఏళ్ళుగా టీసీలు రాసిచ్చినవాణ్ణి నేను. తండ్రి వస్తాడు, సంతకం పెడతాడు, టీసీ తీసుకుని ఇంకో బడికి వెళతాడు. నేనూ అదే చేశాను. అమ్మాయి కాలేజీ గుమాస్తా నేను సంతకం పెట్టిన దరఖాస్తు తీసుకుని, సాయంత్రానికి టీసీ చేతిలో పెట్టాడు.

మరునాడు శేరిగూడ కాలేజీ ఆఫీసులో ఒకావిడ దాన్ని చదివి నా ముఖం చూసింది.

"టీసీ ఎందుకు తీస్కున్నరు సార్?"

"ముందు అదే గదమ్మా అడుగుతరు. మా బడిల నేనే రాసిస్త."

"బడిల అడుగుతరు. గిక్కడ అట్ల కాదు. మా కాలేజోల్లు, ఆ కాలేజోల్లు ఇద్దరు అభ్యంతరం లేదని రాసియ్యాలె. యూనివర్సిటీ ఒప్పుకోవాలె. అందాక పేరు అక్కడ్నే ఉండాలె. మా తాన సీటు ఖాళీ ఉంది, కానీ మీరు పేరే కొట్టేయించుకున్నరు. ఇప్పుడు మీ పాప ఏ కాలేజీల లేదు సార్."

ఆవిడ మామూలుగానే చెప్పింది. తల్లిని దక్కించుకోలేకపోయాను. ఇప్పుడు పిల్ల చదువు కూడా నా చేతులతోనే పోగొట్టానా?

"సార్లకే టీసీ సంగతి తెల్వకుంటే ఎట్ల సార్?" అని పక్క బల్ల మీది మనిషి నవ్వాడు. తర్వాత జాలిపడి, "ఫికర్ చెయ్యకున్రి. రేపే పోన్రి. పేరు కొట్టేసినట్టు యూనివర్సిటీకి పంపకముందే పట్టుకోన్రి" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మాయికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పొద్దున ఫస్ట్ బస్సుకు పోదాం బాపు" అని మాత్రం అంది. ప్రయాణమంతా ఆ కాగితం చొక్కా లోపల పెట్టుకుని, పంపేసి ఉంటారా, ఉండరా అని అదే ఆలోచించాను.

అక్కడి ప్రిన్సిపాల్ నా దరఖాస్తు తెప్పించి చూశారు.

"దీంట్ల అమ్మాయి సంతకమేది?"

"నేను పెట్టిన సార్, తండ్రిని."

"పద్దెనిమిది నిండిన పిల్ల. ఆమె అడగకుండ టీసీ ఎట్లిస్తరు? ఇచ్చినోంది తప్పే, అడిగినోల్లది తప్పే." గుమాస్తా తల వంచుకున్నాడు. యూనివర్సిటీకి ఇంకా పంపలేదని ఆ వంచిన తలతోనే చెప్పాడు. ప్రిన్సిపాల్ టీసీ మీద అడ్డంగా రద్దు అని రాసి, అభ్యంతరం లేదనే పత్రం కోసం ఒక ఫారం అమ్మాయి ముందుకు జరిపారు.

తను పేరు రాసింది. రోల్ నంబరు రాసింది. కారణం అన్నచోట ఆగింది.

"ఏం రాయాలె బాపు?"

"అమ్మ పోయిందని రాయి."

"అమ్మ పోతే కాలేజెందుకు మారాలె?" అని, గొంతు తగ్గించి, "నువ్వు భయపడ్తున్నవని రాయాలె. గది రాస్తే మంచిగుంటదా?"

ప్రిన్సిపాల్ కంప్యూటర్ వైపు తిరిగారు.

"నీకు ఈడనే ఉండాలనుందా?" నేను తనను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"అవ్. దినాలైనంక వచ్చి వారం దాక నేను అన్నం తినలే బాపు. నీకు తిన్న అని చెప్పిన. రూముల పిల్లలే కూసోబెట్టి తినిపిచ్చిన్రు. ఆల్లను ఇడిసి ఎట్లొస్త?"

నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. ఆ వారమంతా నేను ఆ మాట నమ్మి బడికి వెళ్ళాను. ఇంట్లో ఉంటే చూసేవాణ్ణి కదా అనిపించింది. చూసేవాణ్ణేనా? ఆ వారం నేనేం తిన్నానో నాకే తెలియదు.

"ఆలోచించుకోన్రి. రెండో సంవత్సరం క్లాసులు మొదలైతే ఇగ మారనియ్యరు. మల్ల వచ్చి అడిగినా నేనేం చెయ్యలేను" అన్నారు ప్రిన్సిపాల్.

అమ్మాయి నా వైపు చూసింది. తను చెప్పేసింది, ఇక నా వంతు.

"వద్దు సార్" అన్నాను.

తను సగం నింపిన ఫారం బల్ల మీద పెట్టి లేచింది. గుమాస్తా దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాచాడు. నేనే ముందు అందుకుని మడిచి దగ్గర పెట్టుకోవాలనిపించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.