రైలుగేటు దగ్గర ఆగిన చల్లకారు

మా మామగారికి బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు ఉండేది. అరవైల తొలి సంవత్సరాల్లో ఆయన మద్రాసులో, దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర పెద్ద విదేశీ కారు కొన్నారు. డాష్‌బోర్డు కింద చల్లగాలి మిషను బిగించిన కారు. ఊళ్లో అందరూ దాన్ని చల్లకారు అనేవాళ్లు. మిల్లుకు వడ్లు తెచ్చిన రైతులు దాని అద్దాలకు చెయ్యి ఆనించి చూసి పోయేవాళ్లు.

నాకు కారు నడపడం నేర్పింది మా ఆయన, మైపాడు సముద్రం ఒడ్డున గట్టి ఇసుక మీద. మొదటి రోజే కారు నిలబెట్టించి, ఇంజన్ తిరుగుతుండగా చల్లగాలి మీట తిప్పారు. ముందు భాగంలో టక్కుమని చప్పుడైంది. వెంటనే ఇంజన్ గొంతు తగ్గింది. స్టీరింగు నా చేతుల్లో వణికింది.

"చూసినావా? ఆ మిషన్ని బెల్టుతో తిప్పేది కూడా ఇంజనే. కారు పరిగెత్తేటప్పుడు ఆ బరువు దానికి తెలవదు. నిలబడినప్పుడు దాని బలం దానికే సరిపోతాది. పైన ఇదొకటి పడితే స్పీడు పడిపోయి ఆగిపోతాది. కాలితో కాస్త పెట్రోలు అందిస్తా ఉండాల" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ కారు ఎక్కడ ఆగినా నాకు స్థిమితం ఉండేది కాదు. ఎదుట ఎడ్లబండి అడ్డమొస్తే చాలు, చెవి ఇంజన్ మీదికి పోయేది. మామగారికి నేను నడపడం ఇష్టం లేదు. వద్దని ఎన్నడూ అనలేదు కానీ, నేను స్టీరింగు ముందు కూర్చోగానే మిల్లులోకి వెళ్లిపోయేవారు.

ఒక ఏడు రోహిణి కార్తెలో మా ఆడబిడ్డ తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. అనుకున్న నాటికంటే ముందే ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది, నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపొండి అంది. మా ఆయన మిల్లు సామాన్ల కోసం మద్రాసులో ఉన్నారు. డ్రైవరు సొంత ఊరికి పోయాడు. మామగారు నా వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

వెనక సీట్లో అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని ఆడబిడ్డ పడుకుంది. మామగారు నీళ్ల కూజా కాళ్ల దగ్గర పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. కోవూరు దాటేదాకా అంతా బాగానే ఉంది. లోపల చల్లగా ఉండి ఆ పిల్ల మూలుగు కూడా కాస్త తగ్గింది. పెన్నకు ఇవతల రైలుగేటు వేసి ఉంది.

ఆగగానే ఇంజన్ వణకడం మొదలుపెట్టింది. నేను కాలితో పెట్రోలు అందిస్తున్నాను. గూడ్సు బండి వచ్చి సగంలో నిలబడిపోయింది. కదలదు. వేడి చూపించే ముల్లు పైకి జరుగుతోంది.

"ఎందుకట్లా వణకతా ఉంది?" అన్నారు మామగారు.

"చల్లగాలి లాగతా ఉంది మామా. ఆపేస్తాను."

"వద్దు, వద్దు! బిడ్డ ఉడికిపోతాది."

"వదినా, ఇంకెంతసేపు?" అని వెనక నుంచి ఆడబిడ్డ నా భుజం పట్టుకుంది. ఆ గోళ్లు దిగాయి. నా కాలు ఉలిక్కిపడి పైకి లేచింది. అంతే, ఇంజన్ ఒక్కసారి ఊగి ఆగిపోయింది.

చల్లగాలి మీట కట్టేసి మళ్లీ తాళం తిప్పాను. ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. ఒళ్లంతా చెమట. అద్దాలు దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టు గాలి. వెనక బస్సువాళ్లు హారన్ కొడుతున్నారు. గూడ్సు కదిలింది. గేటు లేస్తుంది, నేను కదలలేను.

వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుందని, ఇంజన్‌కు పెట్రోలు తోడే చిన్న పంపు మీద తడిగుడ్డ వేస్తే సర్దుకుంటుందని మా ఆయన చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. దిగి బానెట్ ఎత్తాను.

"మామా, కూజా! గుడ్డ కూడా!"

ఆయన కండువా తీసి, కూజాలో నీళ్లన్నీ దాని మీద కుమ్మరించి, నేను చూపించిన చోట స్వయంగా అదిమి పట్టుకున్నారు. ఆవిరి బుస్సుమంది. వేళ్లు కాలి ఉంటాయి, అయినా తియ్యలేదు. "పో, తిప్పు" అన్నారు.

రెండు మూడుసార్లు తిప్పితే దగ్గి దగ్గి అందుకుంది. దించిన అద్దాలతోనే, నీళ్లు లేని పెన్న మీద వేడిగాలి కొడుతుండగా వంతెన దాటాం. చల్లగాలి మీట జోలికి మళ్లీ పోలేదు. అత్తగారు కొంగుతో విసురుతూ కూతురికి ధైర్యం చెబుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారని నర్సు వచ్చి చెప్పేదాకా మామగారు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నారు. నేను బల్ల మీద కూర్చున్నా, నా కుడికాలు ఇంకా పెట్రోలు అందిస్తున్నట్టే నేలను నొక్కుతూ ఉంది.

తర్వాత నెల్లూరులో మెకానిక్ కార్బురేటరు స్క్రూ తిప్పి, నిలబడినప్పటి స్పీడు పెంచాడు. చల్లగాలి వేస్తే సరిగ్గా ఉండేది. తీసేస్తే ఇంజన్ రంకెలు వేసేది, కాలు తీసినా బజారులో ముందుకు తోసుకుపోయేది. అది మరో గుబులు. నాలుగు రోజులు చూసి మామగారే మెకానిక్‌తో, "ఆ మిషను బెల్టు తీసెయ్. స్క్రూ ముందున్నట్టు పెట్టు" అన్నారు.

"ఎండాకాలం కదా మామా" అన్నాను.

"విసనకర్ర ఉండాదిలే. మనవరాల్ని చూసొద్దాం, బండి తియ్" అని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు.