తొడపాశం, ఊదుగొట్టం

నా చిన్నప్పుడు మా ధర్మవరంలో తొడపాశం రుచి తెలియని పిల్లలు లేరు. ఎక్కాలు తప్పితే బడిలో అయ్యవారు, అబద్ధమాడితే ఇంట్లో పెద్దవాళ్లు తొడ మీద చర్మం పట్టి మెలిపెట్టేవారు. నన్ను పెంచిన మా అవ్వ మాత్రం తల్లి లేని పిల్లనని ఒక్కనాడూ నా మీద చెయ్యి చేసుకోలేదు. ఊళ్లో అంత మెత్తని మనిషి ఇంకొకరు లేరని నా నమ్మకం.

అందుకే ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చి వంటింట్లోకి తొంగిచూడగానే నా కళ్లను నేను నమ్మలేకపోయాను. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన మా చిన్నమ్మ, నిండు కడుపుతో పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు ఊదుతోంది. పక్కనే అవ్వ, ఆమె తొడ పట్టి కసిగా మెలిపెడుతోంది. చిన్నమ్మ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పొయ్యి మీద గిన్నె కూడా లేదు.

"ఇడ్సవ్వా! చిన్నమ్మ ఏం తప్పు చేసినాదని?" అంటూ పుస్తకాలు పారేసి అవ్వ చేతిని కొరకబోయాను.

అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుంది. "తప్పేం లేదు పాపా. నొప్పులప్పుడు బిగుసుకుపోకుండా ఊపిరి ఎట్ల ఇడవాలో నేర్పిస్తాండా. నిప్పు ఆరకూడదు, మంట లేయకూడదు. అట్ల ఊదుతాంటే నొప్పి వచ్చిన దోవనే పోతాది" అంది.

"మా అక్క మాదిరి నేనూ పోతానేమోమ్మా. ఆ అరుపులు ఇంకా నా చెవుల్లోనే ఉండాయి" అంది చిన్నమ్మ.

చిన్నమ్మకు అక్క అంటే మా అమ్మే. ఆమె జ్వరం వచ్చి పోయిందనే నాకు చెప్పారు. నన్ను కంటూ పోయిందని ఆ పొయ్యి దగ్గరే తెలిసింది. అవ్వ ఒళ్లో ముఖం దాచుకున్నాను. చిన్నమ్మ కొన్నాళ్లుగా అన్నం సహించక ఎందుకు చిక్కిపోతోందో కూడా అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత రోజూ ఆ సాధన సాగింది. పోనుపోను చిన్నమ్మకు ధైర్యం వచ్చింది. అన్నం తినసాగింది. "ఇంతేనా, నీ చేతుల్లో బలం లేదమ్మా" అని అవ్వను ఆటపట్టించేది కూడా.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. మంత్రసాని వచ్చి చిన్నమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టింది. వేడినీళ్లకని వెళ్లిన అవ్వ ఎంతకూ రాకపోతే వంటింట్లోకి పరుగెత్తాను. అవ్వ పొయ్యి ముందు కూలబడి ఉంది. ఊదుగొట్టం చేతిలోనే ఉంది కానీ ఊదడానికి ఊపిరి రావడం లేదు. "నా చేత కాదు పాపా. కండ్లు మూస్తే మీ అమ్మే కనపడతాండాది" అంది. అన్నాళ్లు ఇంటికంతా ధైర్యం చెప్పిన మనిషి ఆమే.

అప్పుడు గదిలోంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. "యాడుండావమ్మా? ఊదు! మెల్లగ ఊదు. నిప్పు ఆరకూడదు."

అవ్వ ఊదింది. గోడకు ఇవతల అవ్వ, అవతల చిన్నమ్మ. నీళ్లు కాగేలోపే బిడ్డ కేర్‌మంది. వెనకే "నేను బాగుండానమ్మా" అని చిన్నమ్మ కేక వినిపించింది. అవ్వ ఊదుగొట్టం పక్కన పెట్టి నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నా కాన్పుల్లో నాకూ ఆ ఊదుడే పనికొచ్చింది. మొన్న హిందూపురం ఆస్పత్రిలో కాన్పుకు చేరిన నా మనవరాలికి నర్సమ్మ అదే నేర్పింది. లోపలికి పోయేవాళ్లకు నేర్పడానికి ఎవరో ఒకరు ఉంటారు. తలుపు బయట మిగిలిపోయేవాళ్లకే ఎవరూ ఉండరు. బిడ్డ ఏడుపు వినిపించేదాకా నేను బయట బల్ల మీద కూర్చుని, పెదవులు సున్నాలా చుట్టి, నిప్పు ఆరకుండా, మంట లేవకుండా ఊదుతూనే ఉన్నాను.