కార్డు మీద తల్లి పేరు

హైఫా నగరంలో ఓస్నత్ ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నది. కొండ మీదినుండి రేవు వరకు దిగే ఆ దారిలో బ్రేకు మీద ఆమె కాలు ఎన్నడూ తడబడలేదని తోటి డ్రైవర్లు చెప్పుకొనేవారు. అట్టి మనిషికి నలభై రెండవ ఏట అసూయ పట్టుకున్నది. అదీ ఇంట్లోనే, తాను ప్రాణంగా చూసుకొనే లిమోర్ మీద.

ఆ స్త్రీలిద్దరూ పదకొండేళ్లుగా కాపురం చేస్తున్నారు. బిడ్డను కనవలసినది మొదట ఓస్నతే. దాత బీజంతో నాలుగు పర్యాయాలు ప్రయత్నించినా కడుపు పండలేదు. అటుపైన లిమోర్ పూనుకొనగా మొదటిసారికే నెల తప్పింది. ఆడపిల్ల పుట్టింది, అలూమా అని పేరు పెట్టుకున్నారు.

కన్నది తల్లి, అందులో వివాదం లేదు. రెండవ తల్లి ఓస్నత్ అని న్యాయస్థానం తేల్చాలంటే, బిడ్డ పుట్టిన తొంభై రోజుల లోపు ఇద్దరి సంతకాలతో అర్జీ దాఖలు కావాలి. ఆ కాగితాలు వంటింటి అరలో అలాగే పడి ఉన్నాయి. “నా బిడ్డ నాదేనని జడ్జిని అడుక్కోవాలా?” అని ఓస్నత్ పైకి అనేది. లోపలి సంగతి వేరు. ‘కన్నతల్లి’ అన్న గడిలో లిమోర్ పేరును తన చేత్తో రాయడానికి ఆమెకు మనసు రాలేదు.

శుక్రవారం లిమోర్ తల్లి అల్లేగ్రా కుస్కుస్ అనే గోధుమరవ్వ వంటకం గిన్నెతో దిగింది. వస్తూనే ఉయ్యాల మీదికి వంగింది.

“అచ్చం మా వాళ్ల ముక్కే! చూశావుటే ఓస్నత్?”

“ముక్కు మీ వాళ్లదే అత్తా. ముడ్డి కడిగేది మాత్రం నేను.”

ముసలావిడ పడీపడీ నవ్వింది. ఓస్నత్ నవ్వలేదు.

ఎనభై ఆరవ రోజున లిమోర్‌కు జ్వరం వచ్చింది. బిడ్డను తూకం వేయించడానికి శిశు కేంద్రానికి ఓస్నత్ ఒక్కతే వెళ్లింది. కంప్యూటరు ఆగిపోయినందున కొత్తగా వచ్చిన నర్సు కాగితపు కార్డు మీద రాసుకుంటున్నది.

“తల్లి పేరు?”

“ఓస్నత్.” నోరు ఆమె అనుమతి అడగలేదు.

“కుట్లు పడ్డాయా?”

“ఏడు.”

“పాలు సరిపోతున్నాయా తల్లీ?”

“పొంగిపోతున్నాయి.”

“నలభై దాటాక తొలి కాన్పా! గట్టిదానివే!”

నెలల తరబడి రగులుతున్న మంట ఆ మాటతో ఒక్క నిమిషం చల్లారింది. తాను చేసింది తప్పని తెలిసీ ఓస్నత్ కార్డును జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నది.

సాయంత్రం బరువు చూద్దామని లిమోర్ ఆ కార్డు తెరిచింది.

“ఇదేమిటే? నర్సు పొరపాటా?”

“కాదు. నేనే చెప్పాను.”

“కుట్లు కూడానా?”

“ఏడన్నాను.”

“పదకొండు! దొంగతనం చేసేదానివి లెక్కన్నా సరిగ్గా కనుక్కోవద్దూ? మూడు వారాలు దిండు లేకుండా కూర్చోలేకపోయాను. చివరికి అవి కూడా లాక్కున్నావా?”

“కడుపు నీదే, పాలు నీవే, ముక్కు మీ వాళ్లదే. మరి నాకేం మిగిలింది లిమోర్?”

“దాని నవ్వు. పొద్దున్నే నిన్ను చూసి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంది. నన్ను చూస్తే నోరు తెరుస్తుంది, అంతే. దానికి నేనో పాలసీసాని. నాకు మండదనుకున్నావా?”

ఈడ్చి కొట్టినట్టయింది. అసూయ తన ఒక్కదాని సొత్తనే ఇన్నాళ్లూ ఓస్నత్ అనుకున్నది.

“రేపు పోయి కార్డు దిద్దించుకు రా,” అన్నది లిమోర్. “ఆ తర్వాతే నా సంతకం.”

మరునాడు నర్సు కళ్లజోడు సవరించుకొని అడిగింది: “నువ్వు తల్లివి కావా? మరెవరమ్మా?”

“ఇంకో తల్లిని. కన్నది లిమోర్.”

“పాలు పొంగుతున్నాయన్నావే!”

“పొంగింది పాలు కాదమ్మా, కడుపుమంట.”

నర్సు నవ్వాపుకుంటూ పేరు కొట్టివేసి, పైన లిమోర్ అని రాసింది.

ఆ సాయంత్రమే ఓస్నత్ అర్జీ ముందేసుకొని కూర్చున్నది. లిమోర్ పేరును ఒక్కొక్క అక్షరమే ఒత్తి ఒత్తి రాయగా, ఆ అచ్చు కింది కాగితం మీద కూడా పడింది. లిమోర్ సంతకం చేసింది. ఎనభై ఎనిమిదవ రోజున అర్జీ దాఖలైంది.

ఇంటికి వచ్చాక లిమోర్ బిడ్డకు పాలిస్తున్నది. ఓస్నత్‌కు మళ్లీ మండింది. కానీ ఈసారి ముఖం తిప్పుకొని పోలేదు. కుర్చీ లాక్కొని పక్కనే కూర్చున్నది.