పొన్నగంటి మడి, మా నాన్న చూపు

మా చిన్నప్పుడు... మా అమ్మ పొద్దున్నే కొడవలి పట్టుకుని కాలవ గట్టు దిగేది, పొన్నగంటి కూర కోసం. ఉయ్యూరు దగ్గర నేతవాళ్ళ వీధి మాది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు... నూలు దొరకడమే గగనం. దొరికిన నూలు నేద్దామంటే మా నాన్నకు చూపు మందగించింది. తెగిన పోగు కనపడక వేళ్ళతో తడుముకునేవాడు. మగ్గం ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ఎదురింటి మాణిక్యం అత్త చెప్పింది.

"రోజూ పొన్నగంటి పెట్టు వదినా. కళ్ళు కడిగినట్టు అయిపోతయ్."

"చూపు వచ్చిద్దంటావా?"

"రాకపోతే, నీ మొహం చూడలేక కళ్ళు మూసుకున్నాడనుకో!"

అమ్మ నవ్వింది గానీ, ఆ రోజే కాలవ నుంచి కాడలు తెచ్చి పెరట్లో స్నానాల రాయి పక్కన బురదలో పాతింది, రోజూ గట్టు దిగే పని లేకుండా. పొన్నగంటికి తడి ఉంటే చాలు, కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. వేరుతో పీకకూడదు. పైపైన కోసుకుంటే మళ్ళీ చిగురేస్తుంది... ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఎండాకాలం కాలవలు కట్టేస్తే అమ్మ బావి నీళ్ళు తోడి, మా అందరికీ ఆ రాయి మీదే స్నానం చేయించేది. చెంబెడు నీళ్ళు అవతల పడినా తిట్టేది.

ఆ తడిలోనే గుంటగలగర కూడా మొలిచేది. లేతగా ఉన్నప్పుడు, తెలియనివాళ్ళకు రెండూ ఒకటే. పొన్నగంటికి తెల్లపూలు కణుపు దగ్గరే అతుక్కుని ఉంటాయి. గుంటగలగర పువ్వుకు కాడ ఉంటుంది. నలిపితే చెయ్యి నల్లబడుతుంది. నాకు చదువు అంతంత మాత్రం. ఆకులు మాత్రం తెలుసు.

నాన్న రోజూ తినేవాడు. "ఇయ్యాల నయంగా కనపడతందే," అనేవాడు. అమ్మ మొహం వెలిగిపోయేది. ఇంకో గరిటె వడ్డించేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు నాన్న అరుగు మీద కూర్చుని ఆకు ఒలుస్తున్నాడు. అమ్మ వచ్చి చూస్తే పళ్ళెం నిండా గుంటగలగరే.

"ఏమయ్యా, చేతులు నల్లగా అయినయ్. చూసుకోలా?"

నాన్న చేతులు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మబ్బు పట్టిందిగా... ఏం కనపడుద్దే," అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. అరుగంతా ఎండ.

"ఆఁ... పట్టింది. లోపలికి రా," అంది అమ్మ.

ఇన్నాళ్ళూ నయంగా ఉందన్నది తన కోసమేనని ఆమెకు అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచి మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుంది. పోగు తెగితే ఆమె ముడి వేసేది.

"అతికిందా?" అనేవాడు నాన్న.

"అతికింది, నెయ్యి."

అలాగే నెట్టుకొచ్చారు. అవి శుక్లాలని, ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే, ఉన్న వెలుతురు కూడా పోతుందని నాన్న వణికిపోయేవాడు. చేయించుకోలేదు. కొన్నాళ్ళకు ఆ వెలుతురూ పోయింది...

ఇప్పుడు ఫోన్లో ఎవరెవరో పెడుతుంటారు, పొన్నగంటి తింటే కళ్ళజోడు విసిరేయొచ్చని. రాసేవాళ్ళకు ఆకూ తెలియదు, కన్నూ తెలియదు. కూర మంచిదే, నేనూ తింటాను. శుక్లం మాత్రం దానికి కరగదు. మా ఇంట్లో కరగలేదు. అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను.

నాకూ రెండు కళ్ళకూ శుక్లాలొచ్చాయి. విజయవాడలో తీయించుకున్నాను. ఒక్కో కంటికి అరగంట పట్టలేదు. కట్టు విప్పగానే గోడ మీద పాకే చీమ కనపడింది...

మా నాన్నకు ఆ అరగంట దొరకలేదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు దొరికిందా? రాయండి.