అందుకోని చెయ్యి

డెబ్బైల మొదట్లో మాట. చోడవరంలో మేం వెళ్ళే చిన్న చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేముందు, ఎవరితోనైనా కోపతాపాలుంటే సమాధానపడి రమ్మని పాస్టరుగారు చెప్పేవారు. పగ ఉన్నవాళ్ళు ముట్టకూడదు.

మా పెద్ద తోటికోడలు సుగుణక్క, నేను పుట్టింటికి చాటుగా బెల్లం దిమ్మలు పంపుతున్నానని మా అత్తగారికి చాడీ చెప్పింది. పదిమందిలో నా పెట్టె తెరిపించారు. అందులో చీరలు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత వేరుపడ్డాం.

ఓ ఆదివారం చర్చిలో అందరూ చూస్తుండగా ఆవిడ నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

"తప్పయిపోనాది సెల్లీ, మనసులో ఎట్టుకోకు."

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. "నా పెట్టె తెరిపించినప్పుడు ఏటయిపోనాది ఈ పేమ?" అన్నాను.

ఆవిడ వెళ్ళి కూర్చుంది. పళ్ళెం వస్తే రొట్టె ముట్టకుండా పక్కకి అందించేసింది. నేను మాత్రం దర్జాగా తిన్నాను.

ఏడాదిపాటు ప్రతి నెలా అదే వరస. తర్వాత ఆవిడకి కామెర్లు ముదిరాయి. పాస్టరుగారు మంచం దగ్గరికే రొట్టె తీసుకెళితే, "ముందు సెల్లిని పిలండి బాబూ" అందట. కబురొచ్చేసరికి నేను బియ్యం ఏరుతున్నాను. పనయ్యాక వస్తానని చెప్పి పంపాను. నిజానికి ఆ బియ్యంలో రాళ్ళే లేవు.

నేను వెళ్ళేసరికి పళ్ళెంలో రొట్టె అలాగే ఉంది. ఆవిడ లేదు.

ఇప్పుడు పళ్ళెం వస్తే నేనే పక్కకి అందించేస్తాను. "దేవుడు ఎప్పుడో క్షమించేడమ్మా" అంటారు కొత్త పాస్టరుగారు. క్షమించే ఉంటాడు. కానీ ఆ రోజు నా ముందు చెయ్యి చాచింది ఆయన కాదు, మా అక్క.